నల్లమల ముందా, లంకమల ముందా: అడివి పచ్చబడే టైమింగ్

రెండూ ఎండిపోయి ఆకు రాల్చే అడవులే, రెండూ రక్షిత ప్రాంతాలే, కానీ క్యాలెండర్ మాత్రం ఒకటి కాదు.

నల్లమల సంగతి చూస్తే, ఆత్మకూరు నుంచి దోర్నాల పోయే రోడ్డులో మార్చికంతా టేకు మోడైపోయి ఉంటది, మధ్యలో మోదుగ ఒక్కటే ఆకు లేకుండా ఎర్రగా పూస్తా ఉంటది, ఇప్ప కూడా అప్పుడే. జూన్, జులైలో నైరుతి వాన పడిందంటే టేకు ఆకులు చాటలంత అయిపోతాయి, అక్కడి నుంచి సెప్టెంబర్ దాకా పచ్చదనం పెరుగుతానే ఉంటది. అయితే ఆ టైంలో టైగర్ రిజర్వ్ సఫారీలు ఆపేస్తారు, రోడ్డు మీంచి చూసుకోవాల్సిందే.

కడప పక్క లంకమల వేరే లెక్క. ఇక్కడ ఎర్రచందనం వాన కోసం ఆగదు, మండే ఎండల్లో ఏప్రిల్, మేలోనే కొత్త చిగురు, పసుప్పూలు రెండూ వస్తాయి. నిరుటి కాయలేమో ఆ ముందే ఎండి రాలిపోతాయి. జూన్‌లో వాన రొంతే, అసలు ఊపు అక్టోబర్, నవంబర్ ఈశాన్య వానలకి, తుఫాను పడితే ఇంకా బాగా, కాబట్టి నల్లమల వాడిపోవడం మొదలయ్యే టైంకి ఇది ఇంకా నిండుగా ఉంటది. అంతరించిపోయిందనుకున్న కలివికోడి అనే పక్షి 1986లో మళ్ళీ కనబడింది కూడా ఈ పక్క ముళ్ళపొదల్లోనే.

పచ్చదనమే కావాలంటే ఆగస్టులో నల్లమల, డిసెంబర్‌లో లంకమల. నన్నడిగితే మాత్రం మే నెల ఎర్రచందనానికే నా ఓటు, నీళ్ళ బాటిల్ రెండు ఎక్కువ పెట్టుకోండి.