రీజన్ 13: ర్యాక్ వెనక్కి తిప్పితేనే అసలు సంగతి

హన్మకొండలో మా చిన్న స్టూడియోలో చేసేవి ఎక్కువగా జానపదాలు, బతుకమ్మ పాటలు. డప్పు, డోలక్, హార్మోనియం, ఒక గాయని, వెనక కోరస్. ఇలాంటి పాట బాగా వినిపించాలంటే ఎంత ఖరీదైన ప్లగిన్ (మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రామ్) వాడామన్నది కాదు ముఖ్యం. ఏది దేని తర్వాత పెట్టాం, సౌండ్‌ను ఎక్కడ చీల్చాం, మళ్లీ ఎక్కడ కలిపాం అన్నదే ముఖ్యం. ఆ దారి మొత్తం కళ్లకు కట్టినట్టు చూపించే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ రీజన్. అందుకే ఎవరడిగినా దీని గురించి గంటసేపు చెప్తాను.

స్టాక్‌హోమ్‌లోని ప్రొపెల్లర్‌హెడ్ కంపెనీ 2000లో దీన్ని తెచ్చింది. 2019లో కంపెనీ పేరు రీజన్ స్టూడియోస్‌గా మారింది. నేను వాడుతున్న 13వ వెర్షన్ 2024లో వచ్చింది. స్క్రీన్ మీద, స్టూడియోలో పరికరాలు పేర్చే నిజమైన ర్యాక్ లాగే డివైజ్‌లు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. ట్యాబ్ కీ నొక్కితే ర్యాక్ వెనక్కి తిరుగుతుంది. కేబుళ్లు గుచ్చే జాకులూ, వాటి మధ్య వేలాడే కేబుళ్లూ కనిపిస్తాయి. పట్టి లాగితే ఊగుతాయి కూడా. ఇదంతా పైపై సోకు అని కొట్టిపారేసేవాళ్లు ఉన్నారు, వాళ్లతో నేను ఒప్పుకోను. కేబుల్ రంగు చూస్తేనే విషయం తెలిసిపోతుంది. ఇన్‌స్ట్రుమెంట్ల నుంచి వచ్చేవి ఎరుపు, ఎఫెక్టులవి ఆకుపచ్చ, కంట్రోల్ వోల్టేజ్‌వి (సీవీ, అంటే సౌండ్ కాదు, ఒక డివైజ్ ఇంకోదాన్ని కదిలించే సంకేతం) పసుపు, కాంబినేటర్‌వి (చాలా డివైజ్‌లను ఒక్కటిగా కట్టే డబ్బా) నీలం. ఏ జాక్ మీదైనా రైట్ క్లిక్ చేస్తే ర్యాక్‌లోని డివైజ్‌లన్నీ పేర్లతో వస్తాయి. దూరంగా ఉన్నదానికి కలపాలంటే అందులోంచే ఎంచుకోవచ్చు, ర్యాకంతా కేబుల్ లాక్కుంటూ పోనక్కర్లేదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఒక్క మాట గట్టిగా చెప్తాను. ర్యాక్‌లో ఏది పైన ఉంది, ఏది కింద ఉంది అన్నదానికీ సౌండ్ వెళ్లే వరసకూ సంబంధం లేదు. వరసను నిర్ణయించేది కేబులే. డివైజ్‌ను ఊరికే పట్టుకుని జరిపితే దాని చోటు మాత్రమే మారుతుంది. షిఫ్ట్ నొక్కి జరిపితే కొత్త చోటుకు తగ్గట్టు కనెక్షన్లు కూడా మారతాయి. కొత్త డివైజ్ తెచ్చేటప్పుడు రీజన్ దానంతటదే కేబుళ్లు పెట్టేస్తుంది. అది వద్దనుకుంటే అప్పుడు కూడా షిఫ్టే.

డప్పు సంగతి చూడండి. చిర్ర (లావు కర్ర) పడితే బరువైన మోత, సిటికెన పుల్ల (సన్న పుల్ల) పడితే చురుక్కుమనే దెబ్బ. రెండింటినీ ఒకే కంప్రెసర్‌లోకి (పెద్ద సౌండ్‌ను అణిచే ఎఫెక్ట్) తోస్తే మోత వచ్చినప్పుడల్లా అది సౌండ్ తగ్గిస్తుంది, దాంతోపాటు సిటికెన పుల్ల దెబ్బ కూడా నలిగిపోతుంది. అందుకని డప్పు ట్రాక్ ఇన్సర్ట్‌లో (ట్రాక్ దారి మధ్యలో ఎఫెక్టులు పెట్టే చోటు) స్పైడర్ ఆడియో అనే డివైజ్ పెడతాను. దాంట్లో ఒక పక్క నాలుగు ఇన్‌పుట్లను ఒకటిగా కలుపుతుంది, ఇంకో పక్క ఒకదాన్ని నాలుగుగా చీలుస్తుంది. చీల్చిన మొదటి కేబుల్ ఏ ఎఫెక్టూ లేకుండా నేరుగా లైన్ మిక్సర్ అనే చిన్న మిక్సర్‌కు. రెండోది సౌండ్‌ను గరుకు చేసే స్క్రీమ్ 4లోకి, టేప్ సెట్టింగ్‌లో, ‘లో’ (బేస్) స్లయిడర్ బాగా కిందికి దించి. సిటికెన పుల్ల చురుకు అక్కణ్నుంచే వస్తుంది. మూడోది ఎంక్లాస్ కంప్రెసర్‌లోకి, గట్టిగా నొక్కి. మూడూ లైన్ మిక్సర్‌లో కలుస్తాయి, అక్కణ్నుంచి తిరిగి ట్రాక్‌లోకి. పల్లవిలో మూడో ఫేడర్ (వాల్యూమ్ స్లయిడర్) కొంచెం ఎత్తితే చాలు, గదిలో డప్పు కొట్టినట్టే ఉంటుంది.

గాయని గొంతుకు పసుపు కేబుల్ వాడతాను. గొంతు మీదున్న ఎంక్లాస్ కంప్రెసర్ వెనకాల గెయిన్ రిడక్షన్ (సౌండ్ ఎంత తగ్గిస్తోందన్నది) కోసం ఒక సీవీ అవుట్ ఉంటుంది. దాన్ని సీవీని చీల్చే స్పైడర్ సీవీలోకి తెచ్చి, అక్కడున్న సంకేతాన్ని తలకిందులు చేసే అవుట్‌పుట్ నుంచి ఆర్‌వీ7000 రివర్బ్ (ప్రతిధ్వని ఎఫెక్ట్)లోని డికే (ప్రతిధ్వని ఎంతసేపు సాగాలన్నది) ఇన్‌పుట్‌కు కలుపుతాను. గొంతు ఎత్తి పాడుతున్నంతసేపూ రివర్బ్ పొట్టిగా ఉంటుంది. లైన్ చివర ‘ఉయ్యాలో’ అని వదలగానే పొడుగ్గా సాగుతుంది. ఆటోమేషన్ (పాటతో పాటు నాబులు వాటంతటవే కదలడానికి గీసే గీతలు) ఒక్క గీత కూడా గీయక్కర్లేదు. పాట నడకను బట్టి అదే సర్దుకుంటుంది. ఇది మొదటిసారి విన్నప్పుడు కలిగిన సంతోషం ఇప్పటికీ తగ్గలేదు.

ఇన్ని కేబుళ్లు పెట్టాక ర్యాక్ చిక్కుపడకుండా ఉంచుకోవడం కూడా పనే. దానికి రీజన్‌లో అన్నిటికంటే విలువైనది 2005లో మూడో వెర్షన్‌తో వచ్చిన కాంబినేటర్. పైన చెప్పిన డప్పు ఏర్పాటంతా ఒక్క డబ్బాలో పెట్టి, ముందు నాబులకు కావలసినవి కట్టి, ఒక ప్యాచ్‌గా (సెట్టింగుల ఫైల్) సేవ్ చేసుకోవచ్చు. మొదట్లో నాలుగు నాబులు, నాలుగు బటన్లే ఉండేవి. 12వ వెర్షన్ నుంచి 32 దాకా పెట్టుకోవచ్చు, ముందు పలకను మనమే తయారుచేసుకోవచ్చు. నా డప్పు ప్యాచ్‌లో మూడే నాబులున్నాయి: మోత, చురుకు, బరువు. ప్రోగ్రామర్‌లో ఒక్కో నాబ్ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో అంకెలతో కట్టేశాను కాబట్టి, పక్కన కూర్చున్న గాయకుడు తిప్పినా మిక్స్ పాడవదు. లోపలి డివైజ్‌ను బయటిదానికి కలిపితే ఎక్స్‌టర్నల్ రూటింగ్ అని దీపం వెలుగుతుంది. ఆ కనెక్షన్ ప్యాచ్‌తో పాటు సేవ్ కాదని దాని అర్థం. చిన్న దీపమే, చాలా తలనొప్పి తప్పిస్తుంది.

మిగతా సర్దుబాట్లు: ప్రతి డివైజ్ మీదున్న టేప్ ముక్క మీద క్లిక్ చేసి పేరు రాయండి, పని అయిపోయినవాటిని బాణం నొక్కి మడిచేయండి. కేబుళ్లు కళ్లకు అడ్డం వస్తే కే కీ ఉంది. రెండో మానిటర్ ఉంటే ర్యాక్ విండోను విడదీసి అక్కడ పెట్టండి.

రీజన్‌లోని పెద్ద మిక్సర్ ఎస్ఎస్ఎల్ 9000 కే అనే స్టూడియో కన్సోల్ నమూనాలో చేసింది, ఎనిమిది సెండ్‌లు (సౌండ్‌ను ఎఫెక్టులకు పంపే దారులు) ఉంటాయి. నాకు నచ్చింది చానల్ పైభాగంలోని రెండు బటన్లు. ఇన్సర్ట్ ముందా తర్వాతా, డైనమిక్స్ (కంప్రెసర్ లాంటివి) ఈక్యూకు (బేస్, ట్రెబుల్ సర్దేది) ముందా తర్వాతా అన్నది ఒక్క నొక్కుతో మార్చి వినొచ్చు. బస్సులు (చాలా ట్రాకులు కలిసి వెళ్లే చానళ్లు), పారలల్ చానళ్లు (అదే ట్రాక్‌ను ఇంకో చానల్‌లోకి కూడా తెచ్చేవి) 2013లో ఏడో వెర్షన్‌లో వచ్చాయి. కోరస్ గొంతులన్నీ ఒక బస్సులోకి పోతాయి.

లోటు లేకపోలేదు. చిన్న ల్యాప్‌టాప్ స్క్రీన్ మీద ర్యాక్ చాంతాడంత అవుతుంది, పైకీ కిందికీ జరపడంతోనే సరిపోతుంది. డప్పుకు చేసిన మూడు పాయల పని ఏబుల్‌టన్ లైవ్ అనే ఇంకో మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌లోనైతే ఎఫెక్ట్ ర్యాక్‌లో మూడు చైన్లు పెడితే చటుక్కున అయిపోతుంది. తొందరగా ట్రాక్ ఇచ్చేయాల్సిన రోజు అదే సుఖం. కానీ ఒక ఎఫెక్ట్ ఇంకో ఎఫెక్ట్‌ను కదిలించే పని చేయాలంటే నేను కేబుల్ దగ్గరికే వస్తాను.

క్యూబేస్‌లోనో లైవ్‌లోనో అలవాటు పడినవాళ్లు అది వదిలేసి రానక్కర్లేదు. 2019లో 11వ వెర్షన్ నుంచి ర్యాక్ మొత్తం ప్లగిన్‌గా దొరుకుతోంది. ట్యాబ్, కేబుళ్లు, కాంబినేటర్ అన్నీ అందులో ఉంటాయి. సీక్వెన్సర్ (ట్రాకులు వరసగా పేర్చే చోటు), పెద్ద మిక్సర్ మాత్రం ఉండవు. నేను ఇక్కడ చేసిన డప్పు ప్యాచ్‌నే హైదరాబాద్‌లో క్యూబేస్ వాడే మిత్రుడికి పంపితే, అతను ప్లగిన్‌లో తెరిచి తన పాటకు తగ్గట్టు ‘చురుకు’ నాబ్ తిప్పుకుంటున్నాడు.