ఉప్పాడ నుంచి ద్వారపూడి దాకా: బేరానికి ముందు రోజులు లెక్కేయండి

గోదావరి డెల్టాలో బట్టలు కొనడానికి మూడు రోజులు చాలు. ఏ ఊరు ముందు, ఏ ఊరు వెనక అన్నదే తేల్చుకోవాలి. చాలామంది రాజమహేంద్రవరంలో దిగి, తాడితోట హోల్‌సేల్ మార్కెట్లోనో ద్వారపూడిలోనో సంచులు నింపుకుని, మిగిలిన డబ్బుతో ఉప్పాడ బయల్దేరతారు. అప్పటికి కళ్ళు సింథటిక్ మెరుపుకి అలవాటుపడి ఉంటాయి, చేతిలో ఉన్న డబ్బేమో అసలు నేతకి చాలదు. ఆ వరస తిరగెయ్యాలి. ముందు ఉప్పాడ, తర్వాత కోనసీమ మగ్గాలు, ఆపైన నర్సాపురం లేసు, చివర్న ద్వారపూడి. అదీ చీటీ రాసుకుని వెళితేనే.

ఉప్పాడ డెల్టాకి ఈశాన్యపు కొసన, కడలి ఒడ్డున ఉంటుంది. రైల్లో వచ్చేవాళ్ళు పిఠాపురంలోనో సామర్లకోటలోనో దిగొచ్చు. కాకినాడ నుంచి బీచ్ రోడ్డు దగ్గరి దారి, చూడ్డానికి బాగుంటుంది. కాని తుపాను రోజుల్లో అలలు రోడ్డుని కోసేస్తుంటాయి. వాయుగుండం మాట వినిపిస్తే పిఠాపురం మీదుగానే వెళ్ళండి. రాత్రి బసకి ఉప్పాడలో పెద్దగా ఏమీ లేదు, కాకినాడలో గది తీసుకోవడమే మేలు. ఉప్పాడకి ఉదయమే చేరాలి. ట్యూబులైటు కింద పట్టు రంగు ఒకలా, ఎండలో ఒకలా కనిపిస్తుంది. చీకటి పడ్డాక పట్టుచీర కొనొద్దు.

ఉప్పాడ జాంధానీకి, అంటే మగ్గం మీదే చేత్తో బుటాలు ఎక్కించే నేతకి, 2009లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. అయినా ‘ఉప్పాడ పట్టు’, ‘సాఫ్ట్ ఉప్పాడ’, ‘ఉప్పాడ మోడల్’ అన్న పేర్లతో రాష్ట్రమంతా అమ్ముడయ్యే చీరల్లో మరమగ్గాల మీద నేసినవి బోలెడు. ఉప్పాడ రోడ్డు మీద దుకాణాల్లోనూ రెండూ పక్కపక్కనే ఉంటాయి. తేడా పట్టుకోవడం కష్టం కాదు. చీర తిరగేసి చూడండి. జాంధానీలో బుటా దారాన్ని పడుగు (నిలువు) పోగుల మధ్య చేత్తోనే దూర్చి, బుటా అయిపోయిన చోటే వెనక్కి తిప్పేస్తారు. అందుకే రెండు వైపులా బుటా దాదాపు ఒకేలా ఉంటుంది. ఒక బుటాకీ ఇంకో బుటాకీ మధ్య వేలాడే పోగులు గాని, కత్తిరించిన కొసలు గాని ఉండవు. యంత్రం మీద నేసిన దాంట్లో వెనకవైపు పోగులు బుటా నుంచి బుటాకి సాగి ఉంటాయి, లేదా కత్తిరించిన కుచ్చు చేతికి తగులుతుంది. నాలుగైదు బుటాలు పక్కపక్కన పెట్టి చూసినా తెలుస్తుంది. చేతిపనిలో ఒక్కోదానికి ఆవగింజంత తేడా ఉంటుంది, యంత్రానిది అచ్చు గుద్దినట్టుంటుంది.

ఇంతకంటే గట్టి పరీక్ష రోజుల లెక్క. ‘ఈ చీర ఎంతమంది, ఎన్ని రోజులు నేశారు?’ అని అడగండి. జాంధానీ మగ్గం మీద మామూలుగా ఇద్దరు కూర్చుంటారు. పల్చగా బుటాలున్న చీరకి రెండు మూడు వారాలు, ఒళ్ళంతా పని ఉంటే నెలా రెండు నెలలు కూడా పడుతుంది. ఇద్దరు 20 రోజులు అంటే 40 పనిదినాలు. ఆ చీరకి 4,000 రూపాయలు చెప్పారనుకోండి. పట్టు, జరీ, రంగు, దుకాణం ఖర్చు అన్నీ ఊరికే వచ్చాయనుకున్నా మనిషికి రోజుకి దక్కేది 100 రూపాయలు. అంటే ఆ చీర జాంధానీ అన్నా కాకపోవాలి, లేదా ఎవరి కూలో ఎగ్గొట్టి ఉండాలి. రెంటిలో ఏదైనా ఆ చీర అక్కడే వదిలేయండి. అసలు దానికి డబ్బు చాలకపోతే తక్కువ బుటాలున్న నూలు జాంధానీ తీసుకోండి. వంద కౌంటు (బాగా సన్నని) నూలు మీద చిన్న బుటాల చీర ఒంటి మీద తేలిగ్గా ఉంటుంది, ఆఫీసుకీ కట్టుకోవచ్చు. బీరువాలో పడుండే భారీ పట్టు కంటే అదే గిట్టుబాటు.

పట్టు అసలుదో కాదో చూడ్డానికి సిల్క్ మార్క్ చీటీ, చేనేతకి హ్యాండ్లూమ్ మార్క్ చీటీ ఉన్నాయి. మొదటిది 2004లో, రెండోది 2006లో వచ్చాయి. ఒకటి ఉంటే రెండోది ఉన్నట్టు కాదు. సిల్క్ మార్క్ పట్టు స్వచ్ఛత గురించే చెబుతుంది, మగ్గం చేతిదో మరదో చెప్పదు. చీటీ లేకపోతే కొంగు చివరి కుచ్చులోంచి పడుగు పోగొకటి, పేక (అడ్డ) పోగొకటి అడిగి తీసుకుని విడివిడిగా కాల్చండి. పట్టయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ళ మధ్య పొడి అవుతుంది. నూలైతే కాగితం కాలిన వాసన. పాలిస్టరైతే కరిగి గట్టి పూస కడుతుంది. ఒక్క పోగే కాల్చి సంతోషించొద్దు, పడుగు పట్టూ పేక పాలిస్టరూ ఉన్న చీరలు చాలానే ఉన్నాయి. తర్వాత నేతని రెండు బొటనవేళ్ళ మధ్య పట్టి అటూ ఇటూ లాగండి. పోగులు జరిగి సందు పడితే ఆ పట్టు నాలుగు కట్లకే కుచ్చిళ్ళ దగ్గర విచ్చుకుంటుంది.

చీర మొత్తం చాప మీద పరిపించుకోవాలి. దుకాణంవాళ్ళు కొంగూ అంచూ చూపించి మడతేస్తారు. తప్పులుండేది మధ్యలోనే: పేక తెగి మళ్ళీ మొదలెట్టిన చోట అడ్డంగా మందపు చార, నూనె మరక, బిగువెక్కి ముడతపడ్డ అంచు. టేపు పట్టుకెళ్ళండి. చీర 5.5 మీటర్లు, రవికె గుడ్డ 80 సెంటీమీటర్లు, మొత్తం 6.3 ఉండాలి. పన్నా (వెడల్పు) 46 అంగుళాలు ఉంటుంది, పొడుగైనవాళ్ళకి 48 కావాలి. రవికె ముక్క చీరలోనే ఉందా, వేరేనా అన్నది బేరానికి ముందే అడగండి. నేతలోని చిన్న ముడి తప్పు కాదు, దానికి ధర తగ్గించమనడం సబబు కాదు.

నేరుగా నేతగాళ్ళ ఇంట్లో కొందామని చాలామందికి ఉంటుంది. మంచి మాటే. కాని చాలా మగ్గాలు మాస్టర్ వీవర్ (నేయించుకునే వ్యాపారి) ఇచ్చిన నూలు మీద కూలికి నడుస్తాయి. మగ్గం మీదున్న చీర నేసేవాళ్ళది కాదు. ‘మాకిచ్చేయండి’ అని ఒత్తిడి పెడితే వాళ్ళని ఇరకాటంలో పెట్టినట్టే. ‘మీ సొంత నూలుతో నేసినవి ఉన్నాయా?’ అని అడగడమే పద్ధతి. ఉంటే వాళ్ళు చెప్పిన ధర ఇవ్వండి. అమ్మబోతే అడివి, కొనబోతే కొరివి అన్న మాట నూలు కొని చీర అమ్మే ఇళ్ళకి సరిగ్గా సరిపోతుంది. వంద రూపాయలు తగ్గించుకుంటే మనకి మిగిలేది ఆటో ఖర్చు, అక్కడ పోయేది సగం రోజు తిండి.

రెండో రోజు కాకినాడ నుంచి యానాం, ఎదుర్లంక వంతెన మీదుగా అమలాపురం. రైలు లేదు, బస్సులు బాగానే ఉన్నాయి. బండారులంక అమలాపురానికి ఆనుకున్నట్టే ఉంటుంది. ఇక్కడికి నూలు చీర కోసం రావాలి. డెల్టా ఉక్కపోతకి పనికొచ్చేది కూడా అదే. నూలు చీరలో మోసం గంజిలో ఉంటుంది. పల్చని నేతని గంజితో బిరుసెక్కిస్తే దుకాణంలో దిట్టంగా కనిపించి, ఒక్క ఉతుకుకి జల్లెడ అవుతుంది. మూల పట్టి రెండు చేతులతో నలపండి. తెల్లటి పొడి రాలితే గంజి ఎక్కువ. తర్వాత వెలుతురుకి పట్టి పోగులు ఒత్తుగా ఉన్నాయో లేదో చూడండి. రంగు నిలుస్తుందా అన్నదానికి తడిపిన తెల్ల రుమాలుతో ముదురు అంచుని పదిసార్లు రుద్దితే చాలు. ఎరుపు, నలుపు, ముదురు నీలం అంచున్న తెల్లచీరకి ఈ పరీక్ష తప్పనిసరి.

వానాకాలంలో వస్తే ఒక సంగతి గుర్తుంచుకోండి. గుంట మగ్గాల్లోకి ఊట నీరు చేరుతుంది, పడుగుకి పెట్టిన గంజి ఆరదు. అందుకే ఆషాఢ శ్రావణాల్లో ఇచ్చిన ఆర్డరు చెప్పిన రోజుకి రాకపోవచ్చు. పెళ్ళికి కావాలంటే మూడు నెలల ముందు చెప్పండి. సగం డబ్బు ముందే ఇస్తే నూలుకి వాళ్ళు అప్పు చెయ్యక్కర్లేదు.

ఆ రాత్రికి అమలాపురంలో మామూలు లాడ్జీ సరిపోతుంది. దిండిలో పర్యాటక శాఖ రిసార్టు గోదారి ఒడ్డున అందంగా ఉంటుంది, కాని దాని అద్దె పెట్టే డబ్బుతో ఒక మంచి నూలు చీర వస్తుంది. పిల్లలతో వచ్చినవాళ్ళకైతే సరే, బట్టల కోసమే వచ్చినవాళ్ళకి అక్కర్లేదు. సంక్రాంతి వారంలో మాత్రం ఇటు రావొద్దు. భీమవరం దాకా గదులు దొరకవు, దొరికినా అద్దె రెండు మూడింతలు.

మూడో రోజు రాజోలు మీదుగా మోరి మగ్గాలు చూసుకుని సఖినేటిపల్లి రేవుకి వెళ్ళి, పంటు (మనుషుల్నీ బళ్ళనీ దాటించే పడవ) మీద గోదారి వశిష్ఠ పాయ దాటితే నర్సాపురం. కారు కూడా పంటు మీదికి ఎక్కుతుంది. గోదారి పోటెత్తితే పంటు ఆపేస్తారు, అప్పుడు చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరగాలి. బయల్దేరే ముందే రేవులో కనుక్కోండి.

నర్సాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఇది కొక్కెం సూదితో చేసే క్రోషే అల్లిక. ఊళ్ళలో ఆడవాళ్ళు ఇంటి పని మధ్య అల్లుతారు, కూలి పీసు లెక్కనో ఖర్చయిన దారం లెక్కనో ముడుతుంది. అసలైన క్రోషే అల్లే యంత్రం లేదు. యంత్రపు లేసు దాన్ని పోలి ఉంటుందంతే. కుట్టు కుట్టుకీ చిన్న ముడిలాంటి గొలుసు కనిపిస్తే చేతిది, వల మీద దారం చుట్టినట్టుంటే యంత్రానిది. ఇక్కడా లెక్క అదే: ఒక పూట కూర్చుంటే ఎంత మేర అల్లుతారో అడగండి, టేబుల్ గుడ్డ ధర దాన్నిబట్టి సరిచూసుకోండి. దారపు కొసలు అల్లికలోకి దూర్చి ముగించారో, కత్తిరించి వదిలేశారో చూడండి. వదిలేస్తే మూడో ఉతుకుకి ఊడుతుంది. పాత నూలు చీరకి ఒక అంచున, కొంగు చివరన లేసు వేయించాలంటే 7 మీటర్లు తీసుకోండి. కొత్త చీర ఖర్చులో చిన్న వంతుకే పాతది మళ్ళీ పదిమందిలో కట్టుకునేలా తయారవుతుంది. ఈ ప్రయాణంలో పొదుపైన కొనుగోలు ఇదే.

తిరుగుదారిలో ద్వారపూడి. రాజమహేంద్రవరానికి దగ్గర, స్టేషన్ ఉంది. హోల్‌సేల్ ధర అంటే కట్ట మొత్తం తీసుకుంటే వచ్చేది. ఒక్క చీర అడిగితే ధర వేరు, అది మీ ఊరి ధరకి పెద్ద దూరంలో ఉండదు. ఇక్కడ లాభమున్నవి కట్ పీసులు, లంగా గుడ్డలు, లైనింగు, యూనిఫారం తానులు. ముక్క పన్నా అడగందే పొడవు నమ్మొద్దు. 58 అంగుళాల పన్నాలో పొడుగు చేతుల చొక్కాకి 1.6 మీటర్లు చాలు, 36 అంగుళాలైతే 2.25 కావాలి. మడత మీద రంగు వెలిసిందేమో విప్పి చూడండి.

ద్వారపూడికి ఎక్కువమంది వచ్చేది పెళ్ళి పెట్టుబడి చీరల కోసం. నలభై చీరలు, ఒక్కోటి మూడొందలో నాలుగొందలో. పుచ్చుకున్నవాళ్ళు కట్టుకోరు, ఇంకో పెళ్ళిలో ఇంకొకరికి పెట్టేస్తారు. అలా చేతులు మారీ మారీ చివరికి స్టీలు సామాన్లవాడి మూటలో చేరతాయి. అదే డబ్బుతో దగ్గరివాళ్ళు పదిమందికి బండారులంక నూలు చీరలు, మిగతా వాళ్ళకి మంచి చేనేత తువ్వాళ్ళు పెట్టొచ్చు. ఇంట్లో పెద్దవాళ్ళు ఒప్పుకోవడమే కష్టం. ఒక చీర తెచ్చి వాళ్ళ చేతికిస్తే మాటలకంటే అదే ఎక్కువ పని చేస్తుంది.

ఇంటికొచ్చాక నూలు చీర, రవికె గుడ్డ, ఫాల్ మూడింటినీ కుట్టించకముందే విడివిడిగా మామూలు నీళ్ళలో రాత్రంతా నానబెట్టి నీడన ఆరెయ్యండి. నూలు ఫాల్ నానబెట్టకుండా కుట్టిస్తే మొదటి ఉతుకులో అది కుదించుకుని, చీర అడుగంతా ముడతలు పడుతుంది. ఆ తప్పు చీరది అనుకుంటారు. పట్టు జాంధానీకి హ్యాంగరు వద్దు, పాత నూలు పంచెలో చుట్టి, రెండు మూడు నెలలకోసారి మడత మార్చండి.