టయోగా కనుమ దారిలో రెండు ప్రయాణాలు: ఒకటి డీజిల్‌తో, ఒకటి పెట్రోల్‌తో

2017 సెప్టెంబరులోను, మళ్ళీ 2018 సెప్టెంబరులోను మేము ఒకే ట్రైలరును వెంటబెట్టుకొని ఒకే దారిలో ప్రయాణించాము. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ నుంచి బయలుదేరి, 120వ నంబరు రహదారి మీద యోసెమిటీ జాతీయ ఉద్యానవనం దాటి, టయోగా కనుమ ఎక్కి దిగి, సియెరా నెవాడా పర్వతాలకు తూర్పుగా సాగే 395వ నంబరు రహదారి వెంబడి లోన్ పైన్ వరకు వెళ్ళి, అక్కడి నుంచి మోహావీ, టెహాచపి, బేకర్స్‌ఫీల్డ్, ఫ్రెస్నోల మీదుగా ఇల్లు చేరే దారి అది. మారినదల్లా ట్రైలరును లాగిన వాహనమే. మొదటిసారి 2012 మోడల్ ఫోక్స్‌వాగన్ టూరెగ్ డీజిల్, రెండవసారి టొయోటా హైల్యాండర్ పెట్రోల్. చిన్న ట్రైలరు కొనాలనుకొనే మిత్రులు నన్ను మొట్టమొదట అడిగేది ఏ బండి అయితే లాగగలదని. ఆ ప్రశ్నకు నాకు తెలిసిన జవాబంతా ఈ రెండు ప్రయాణాలలోనే ఉంది.

ముందు ట్రైలరు సంగతి. మాది టెక్సాస్ రాష్ట్రంలోని రైస్ అనే చిన్న ఊళ్ళో తయారయ్యే కాసిటా, పదిహేడు అడుగులది. కోడిగుడ్డు డొల్లలా రెండు ఫైబర్‌గ్లాస్ ముక్కలను అతికించి చేస్తారు కనుక పైకప్పులో అతుకులు తక్కువ, వాన నీరు కారే బెడద తక్కువ. వెడల్పు ఆరడుగుల ఎనిమిది అంగుళాలే కావడంతో కొండదారి మలుపుల్లో ఎదుటి వాహనానికి చోటు వదలడం సులువు. అన్నీ నింపుకొన్నాక దాని బరువు 3,500 పౌండ్లు దాటకూడదు. రెండు ప్రయాణాలకు ముందూ లారీలు ఆగే ఇంధన కేంద్రంలోని కాటా మీద తూయించాము. నీళ్ళు, గ్యాసు, మా అమ్మ పట్టుబట్టి పెట్టించిన బియ్యం బస్తా, ప్రెషర్ కుక్కర్లతో సహా 3,280 పౌండ్లు తేలింది. అందులో 430 పౌండ్లు హిచ్ మీద, అంటే లాగే బండి వెనుక భాగం మీద పడుతోంది. మొత్తం బరువులో పది నుంచి పదిహేను శాతం ఇలా ముందుకు పడితేనే ట్రైలరు తోక ఊపకుండా నిలకడగా వస్తుంది. తూకానికి అయ్యే కొద్ది డాలర్లకు వెనుకాడి, అంచనా మీద బయలుదేరేవారిని చూస్తే నాకు నిజంగా భయం వేస్తుంది.

టూరెగ్ ఈ బరువును లాగుతున్నట్టే అనిపించేది కాదు. దాని సామర్థ్యం 7,716 పౌండ్లు, మా ట్రైలరు అందులో సగం కూడా లేదు. మూడు లీటర్ల ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజను తక్కువ వేగంలోనే 406 పౌండ్-అడుగుల మెలితిప్పు బలం (టార్క్) ఇస్తుంది. టర్బో ఉండడం వల్ల గాలి పలచబడే ఎత్తులోనూ ఆ బలం పెద్దగా తగ్గదు. గ్రోవ్‌లాండ్‌కు ముందు వచ్చే ప్రీస్ట్ గ్రేడ్ ఈ దారిలో తొలి పరీక్ష. పాత ప్రీస్ట్ గ్రేడ్ రెండు మైళ్ళలో దాదాపు పదిహేను వందల అడుగులు ఎగబాకుతుంది, ట్రైలరుతో అటు వెళ్ళడం ఎవరికీ మంచిది కాదు. మలుపులు తిరుగుతూ నెమ్మదిగా ఎక్కే కొత్త దారినే పట్టాలి. అక్కడ టూరెగ్ గేరు మార్చుకోవడం కూడా అరుదే. ట్రైలరుతో గ్యాలనుకు పదిహేను, పదహారు మైళ్ళు వచ్చింది. ట్యాంకు 26 గ్యాలన్లకు పైబడినది కనుక నాలుగు వందల మైళ్ళ దాకా ఇంధనం గురించిన ఆలోచనే లేదు.

ఇంత మంచి బండిని ఎందుకు తిరిగి ఇచ్చామన్నదే అసలు విషయం. 2015 సెప్టెంబరు 18న అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ రెండు లీటర్ల డీజిల్ కార్లు పొగ ఉద్గారాల పరీక్షను మోసగిస్తున్నాయంటూ ఫోక్స్‌వాగన్‌కు ఉల్లంఘన నోటీసు ఇచ్చింది. అదే ఏడాది నవంబరు 2న మూడు లీటర్ల ఇంజన్లపై రెండవ నోటీసు వచ్చింది. 2014 మోడల్ టూరెగ్‌తో సహా తాము పరీక్షించిన వాహనాలలో, పరీక్ష తొలి దశలు పూర్తయ్యే 1,370 సెకన్ల వరకు ఉద్గారాలను అదుపులో ఉంచి, ఆ మరుసటి సెకను నుంచి వేరే పద్ధతికి మారిపోయే ఏర్పాటు సాఫ్ట్‌వేర్‌లో ఉందని, అప్పుడు నైట్రోజన్ ఆక్సైడ్లు అనుమతించిన స్థాయికి తొమ్మిది రెట్ల వరకు వెలువడుతున్నాయని ఆ నోటీసు వివరించింది. 1,370 సెకన్లంటే ఇరవై మూడు నిమిషాలకు కొంచెం తక్కువ. మా ఇంటి నుంచి బయలుదేరితే ఆల్టమాంట్ కొండలు కూడా దాటని సమయం.

2017 మే నెలలో శాన్ ఫ్రాన్సిస్కోలోని ఫెడరల్ న్యాయస్థానం మూడు లీటర్ల వాహనాలపై ఫోక్స్‌వాగన్ కుదుర్చుకొన్న ఒప్పందాన్ని ఆమోదించింది. 2009 నుంచి 2012 వరకు వచ్చిన మోడళ్ళను మొదటి తరంగాను, 2013 నుంచి వచ్చినవాటిని రెండవ తరంగాను విభజించారు. రెండవ తరం బండ్లను నిబంధనలకు లోబడేలా సరిచేయవచ్చు. మొదటి తరం బండ్లను ఆ స్థాయికి తేవడం సాధ్యం కాదు, అందుకే వాటి యజమానులకు బండిని కంపెనీకే తిరిగి అమ్మే హక్కు ఇచ్చారు. 2015 నవంబరు నాటి మార్పిడి విలువ (పాత బండి ఇచ్చి కొత్తది కొనేటప్పుడు డీలరు కట్టే ధర) ఆధారంగా కట్టిన ధరకు అదనంగా, 7,755 నుంచి 13,880 డాలర్ల వరకు పరిహారం నిర్ణయించారు. మాది మొదటి తరం. ఉద్గారాలను కొంతవరకు తగ్గించే మార్పు చేయించుకొని బండిని ఉంచుకొనే వీలు ఉంటుందని కూడా ఒప్పందంలో రాశారు కనుక, ఉంచుకోవాలా వద్దా అని మా ఇంట్లో రెండు నెలలు చర్చ జరిగింది. చివరికి, ఒక్కసారి టయోగా కనుమ దాటించి తరువాత ఇచ్చేద్దామని నిశ్చయించుకొన్నాము.

ఆ ఏడాది మంచు విపరీతంగా కురిసినందువల్ల టయోగా రోడ్డు జూన్ 29 వరకు తెరవలేదు. సెప్టెంబరు నాటికి కూడా కొండల నీడన మంచు చారలు మిగిలి ఉన్నాయి. మొదటి రెండు రాత్రులు టువాలమీ మెడోస్ క్యాంప్‌గ్రౌండులో ఉన్నాము. ఎత్తు 8,600 అడుగులు. కరెంటు, నీటి కనెక్షన్లు ఉండవు. జనరేటరును పొద్దున ఏడు నుంచి తొమ్మిది వరకు, మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు వరకు, సాయంత్రం ఐదు నుంచి ఏడు వరకు మాత్రమే నడపనిస్తారు. ఈ నియమం మొదట కష్టంగా తోచినా, రాత్రి ఏడు దాటాక ఆ పచ్చిక బయలు మీద దిగే నిశ్శబ్దం ఆ నియమం పుణ్యమే. ఆ ఎత్తులో నీళ్ళు దాదాపు 91 డిగ్రీలకే మరుగుతాయి కనుక కందిపప్పు మామూలు గిన్నెలో ఓ పట్టాన ఉడకదు. కుక్కరు తేవాలన్న అమ్మ పట్టుదల అక్కడ ఫలించింది. సగం చోట్లు ముందుగా బుక్ చేసుకొనేవారికి, సగం ముందు వచ్చినవారికి ఇచ్చేవారు. మేము ఐదు నెలల ముందు, పదిహేనవ తేదీ ఉదయం ఏడు గంటలకు కంప్యూటరు ముందు కూర్చొని సంపాదించాము. మరుగుదొడ్డి ట్యాంకు ఖాళీ చేసే డంప్ స్టేషను దగ్గరలోనే ఉండడం చిన్న ట్రైలరువాళ్ళకు పెద్ద సౌకర్యం.

9,943 అడుగుల ఎత్తున ఉన్న కనుమ నుంచి లీ వైనింగ్‌కు దిగే పన్నెండు మైళ్ళలో మూడు వేల అడుగుల దిగుడు ఉంది. ఇక్కడ నేను నేర్చుకొన్న సంగతి ఒకటి చెప్పాలి. విడిగా ఎగ్జాస్ట్ బ్రేకు లేని డీజిల్ ఇంజను దిగుడులో బండిని పెద్దగా పట్టి ఉంచదు. గేరు ఎంత తగ్గించినా మాటిమాటికి బ్రేకు తొక్కవలసి వచ్చింది. ట్రైలరు సొంత విద్యుత్ బ్రేకులను సరిచూసుకోవడం వల్లనే ధైర్యంగా దిగగలిగాము. మరుసటి ఏడాది హైల్యాండర్ పెట్రోల్ ఇంజను ఇదే దిగుడులో మెరుగ్గా పట్టి ఉంచింది. ఎక్కడం గురించి మాట్లాడినంతగా దిగడం గురించి ఎవరూ మాట్లాడరు, ప్రాణాల మీదికి వచ్చేది మాత్రం దిగేటప్పుడే.

తూర్పు వైపు బసలలో మాకు అన్నిటికన్నా నచ్చింది జూన్ లేక్ దగ్గర అటవీ శాఖవారి ఓ రిడ్జ్ క్యాంప్‌గ్రౌండు. కనెక్షన్లు లేవు, అయినా ఉదయం సరస్సు మీద కొండల నీడ కదలడాన్ని కాఫీ గ్లాసుతో చూస్తూ కూర్చొంటే ఆ లోటు గుర్తుకు రాదు. దానికి పూర్తిగా భిన్నమైనది, 395 పక్కనే అన్ని కనెక్షన్లూ ఉన్న ఒక ప్రైవేటు పార్కు. రాత్రికి యాభై ఐదు డాలర్లు తీసుకొన్నారు, విద్యుత్ స్తంభంలో వోల్టేజి వంద లోపుకు పడిపోయి మా ఏసీ ఆగిపోయింది, చెబితే వేరే చోటుకు మార్చడానికి రెండు గంటలు పట్టింది. కనెక్షన్ ఉన్నచోట ముందుగా చిన్న వోల్ట్‌మీటరుతో చూసుకొని ఆ తరువాతే తీగ తగిలించాలని అప్పటి నుంచి నియమం పెట్టుకొన్నాము. లోన్ పైన్ పక్కన అలబామా హిల్స్‌లో అప్పట్లో రుసుము లేకుండానే ప్రభుత్వ భూమిలో ఆగనిచ్చేవారు. గుండ్రని బండల మధ్య నుంచి తెల్లవారుజామున విట్నీ శిఖరం ఎర్రబడడం చూశాక, అన్ని హంగులున్న పార్కుకు డబ్బు కట్టబుద్ధి కాలేదు. చిన్న ట్రైలరు అయినందువల్లనే ఆ ఇసుక దారులలోకి వెళ్ళగలిగాము.

నవంబరులో బండిని ఇచ్చేశాము. దరఖాస్తు, ధరను తెలిపే పత్రం, నోటరీ సంతకాలు, డీలరు దగ్గర అపాయింట్‌మెంటు అనే క్రమంలో అంతా సాగింది. పత్రాలలో ఒకటి తప్పిపోయి మూడు వారాలు ఆలస్యమైనా డబ్బు చెప్పినంత వచ్చింది. ట్రైలరు బ్రేకులను బండిలోంచి నడిపే బ్రేక్ కంట్రోలరును నేను ముందు రోజే విప్పి దాచుకొన్నాను. తాళాలు ఇచ్చి బయటికి వస్తుంటే మా అబ్బాయి ఆ బండిని ముట్టుకొని వచ్చాడు.

హైల్యాండర్ 5,000 పౌండ్లు లాగగలదు, హిచ్ మీద 500 పౌండ్ల వరకు మోయగలదు. అసలు హద్దు అక్కడ లేదు. తలుపు అంచున అంటించిన కాగితంలో బండి మోయగల బరువు రాసి ఉంటుంది. నలుగురు మనుషులు, సామాను, హిచ్ మీది 430 పౌండ్లు కలిపితే మేము ఆ హద్దుకు దగ్గరగా వచ్చాము. అందుకని నీళ్ళ ట్యాంకును ఇంటి దగ్గర నింపకుండా క్యాంప్‌గ్రౌండుకు చేరువలో నింపుకొన్నాము. టర్బో లేని ఇంజను ప్రతి వెయ్యి అడుగులకు సుమారు మూడు శాతం బలం కోల్పోతుంది. కనుమ దగ్గరకు చేరేసరికి దాదాపు మూడో వంతు బలం తగ్గిపోయి, ఇంజను గట్టిగా అరుస్తూ నలభై మైళ్ళ వేగంతో ఎక్కింది. గ్యాలనుకు పన్నెండు మైళ్ళే వచ్చింది కనుక రెండు వందల మైళ్ళకు ఒకసారి ఆగాము. అయితే కాలిఫోర్నియాలో ట్రైలరుతో వెళ్ళే వాహనానికి వేగపరిమితి 55 మైళ్ళే, కాబట్టి మైదానంలో మాకు పోయిన సమయమేమీ లేదు. లెక్కవేస్తే మొత్తం ప్రయాణంలో ఇంధనానికి ఎక్కువ ఖర్చయింది, దారికి గంటన్నర ఎక్కువ పట్టింది, అంతే. మూడున్నర వేల పౌండ్లలోపు ట్రైలరుకు మామూలు ఆరు సిలిండర్ల పెట్రోల్ బండి చాలునని నేను ఇప్పుడు నిస్సంకోచంగా చెబుతాను. అంతకు మించినదైతే చెప్పను.

తిరుగు దారిలో ఇన్యోకెర్న్ దగ్గర 395ను వదిలి 14వ నంబరు రహదారికి మళ్ళాలి. మళ్ళకుండా దక్షిణంగా వెళితే విక్టర్‌విల్ సమీపంలోని విమానాశ్రయం వస్తుంది. తిరిగి కొన్న డీజిల్ బండ్లను వేల సంఖ్యలో ఆ ఎడారి మైదానంలో వరుసలుగా నిలిపి ఉంచిన ఫోటోలు ఆ ఏడాది పత్రికలలో వచ్చాయి. మళ్ళే చోట మా అబ్బాయి "మన బండి అక్కడే ఉందా నాన్నా?" అని అడిగాడు. ఉండవచ్చని చెప్పాను.

టెహాచపి దిగి బేకర్స్‌ఫీల్డ్‌లో అడుగుపెట్టగానే ఎదురయ్యే మసక ఆకాశం గురించి చెప్పకపోతే ఈ అనుభవం పూర్తి కాదు. శాన్ వాకీన్ లోయ చుట్టూ కొండలు గిన్నె అంచుల్లా ఉండడం వల్ల లారీలు, పొలాల యంత్రాలు, కార్లు వదిలినదంతా అందులోనే నిలిచిపోతుంది. నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో ఓజోనును పుట్టిస్తాయి, చలికాలంలో సన్నని ధూళికణాలుగా మారుతాయి. ఓజోను విషయంలో ఈ లోయ ఫెడరల్ ప్రమాణాలకు అత్యంత దూరంగా ఉన్న ప్రాంతాల వర్గంలో ఉంది. ఆ గాలి పైకి పాకి సియెరా పడమటి వాలు మీది పాండరోసా, జెఫ్రీ పైన్ చెట్ల సూదులను పసుపుమచ్చలుగా మార్చుతోందని అటవీ పరిశోధకులు ఏనాడో నమోదు చేశారు. స్వచ్ఛమైన గాలి కోసమని ఎక్కిన కొండలకు ఆ ఐదేళ్ళూ మేము మోసుకెళ్ళినది అదే. ఒప్పందాలలో భాగంగా ఏర్పడిన ఉపశమన నిధి నుంచి కాలిఫోర్నియాకు దాదాపు 42 కోట్ల డాలర్లు కేటాయించారు, పాత డీజిల్ బస్సులు, లారీల స్థానంలో కాలుష్యం లేనివి తేవడానికి. ఆ మార్పు ఈ లోయలో అందరికన్నా ముందు జరగాలని నేను మనసారా కోరుకొంటున్నాను.

ఫ్రెస్నోలో మా అక్క ఇంటి ముందు ట్రైలరును నిలిపాము. అక్క కొడుక్కి ఉబ్బసం ఉంది, పదేళ్ళవాడు, ట్రైలరులో పడుకొంటానని పొద్దుటి నుంచీ కాచుకొని ఉన్నాడు. నేను పైకప్పు గవాక్షం తెరిచి పక్క వేశాను. అక్క ఫోనులో ఆ పూట గాలి నాణ్యత చూసి, ఏమీ అనకుండా లోపలికి వచ్చి ఆ గవాక్షం మూసి, ఇన్‌హేలరును వాడి తలగడ పక్కన పెట్టి వెళ్ళింది.