కొత్త ప్రొడక్టుకి ఏది మేలు: సోమవారం మీటింగా, సంతకం ఉన్న కోర్ టీమా?

విశాఖ వైపు గాజువాక ఆటోనగర్‌లోనైనా, అచ్యుతాపురంలోనైనా చిన్న, మధ్యతరహా యూనిట్లు నడిపేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. కొత్త ప్రొడక్టు తీసేటప్పుడు డిజైన్, పర్చేజ్, ప్రొడక్షన్, క్వాలిటీ వాళ్లని ఎలా కలపాలి? ఎవరి పని వాళ్లు ముగించి పక్క సెక్షన్‌కి అందించే పాత పద్ధతి చాలదా? వారానికో మీటింగ్ పెడితే సరిపోదా? లేక ఒక్కో సెక్షన్ నుంచి ఒకరిని తీసి కోర్ టీం వేసి, దాన్ని ఒకరికి అప్పగించాలా?

పాత పద్ధతిని తీసిపారేయక్కర్లేదు. కస్టమరే డ్రాయింగ్ ఇచ్చే జాబ్ వర్కుకి, ఏళ్లుగా చేస్తున్న రిపీట్ ఆర్డరుకి అదే చవక. అక్కడ కోర్ టీం వేస్తే టీ ఖర్చు తప్ప మిగిలేదేమీ ఉండదు. చిక్కంతా డ్రాయింగ్ మనదే అయినప్పుడు వస్తుంది.

ఆరుబయట పెట్టే ఒక మెషీన్ బేస్ ఫ్రేమునే తీసుకుందాం. సముద్రపు గాలికి పెయింట్ నిలవదని ఇక్కడ హాట్ డిప్ గాల్వనైజింగే, అంటే కరిగిన జింకులో ముంచి పూత పట్టించడమే అడుగుతారు. 50×50 చదరపు ట్యూబు, 3 మి.మీ. మందం. డిజైనర్ కొనలకి ప్లేట్లు పెట్టి, చుట్టూ వెల్డు చూపించి, నీటుగా మూసేస్తాడు. జింకు తొట్టి 450 డిగ్రీల వేడి మీద ఉంటుంది. అంతకుముందు యాసిడ్ తొట్టిలో ముంచినప్పుడు వెల్డులోని సూదిమొన రంధ్రం గుండా దూరిన తడి అక్కడ ఒక్కసారిగా ఆవిరవుతుంది. దానికి బయటికి దారి లేకపోతే ట్యూబు పేలుతుంది, కరిగిన జింకు పక్కనున్నవాళ్ల మీద పడుతుంది. అందుకే జాగ్రత్తగల గాల్వనైజర్ గాలి రంధ్రాలు లేని ఫ్రేముని తొట్టి దాకా రానివ్వడు. తిరిగొచ్చిన ఫ్రేముకి అప్పుడు డ్రిల్లు పెడదామంటే లోపలి జాయింట్లకి అందదు. అదే ట్యూబు కోసినప్పుడే ఎదురెదురు మూలల్లో రంధ్రాలు వేసుంటే నిమిషాల్లో అయిపోయే పని.

అదే ఫ్రేములో ఇంకో రెండు చిక్కులు ఉన్నాయి. ఉక్కులో సిలికాన్ 0.04 నుంచి 0.14 శాతం మధ్య ఉంటే జింకు పొర దట్టంగా, మసక బూడిదరంగులో పేరుకుని పెచ్చులు లేచే అవకాశం ఉంది. కిలోకి రెండు రూపాయలు తక్కువని, ఉక్కులో ఏది ఎంత శాతమో చెప్పే టెస్ట్ సర్టిఫికెట్ చూడకుండా ట్యూబు కొంటే బయటపడేది ఇదే. ఇక 12 మి.మీ. బోల్టు కోసం ముందే ట్యాప్ చేసిన, అంటే లోపల మరలు కోసిన ఎం12 రంధ్రాల సంగతి. మరల్లో జింకు నిండిపోతుంది, మళ్లీ ట్యాప్ కొట్టక తప్పదు, కొట్టిన చోట జింకు పోతుంది. అసెంబ్లీ ఫిట్టర్‌ని అడిగితే ట్యాపింగ్ వద్దు, రంధ్రం కాస్త పెద్దది చేసి బోల్టు, నట్టు పెట్టమంటాడు. కానీ అతన్ని అడిగేదెవరు?

గాలి రంధ్రం సంగతి ఫ్యాబ్రికేషన్ మేస్త్రీకి తెలుసు, సర్టిఫికెట్ పర్చేజ్ చేతిలో ఉంది, మరల సంగతి ఫిట్టర్‌కి తెలుసు. డిజైనర్ ఎంత చురుకైనవాడైనా ఇవన్నీ ఒక్కడికే తెలియాలనడం అన్యాయం. పాత పద్ధతిలో వీళ్లు తమ వంతు వచ్చాకే నోరు విప్పుతారు. అప్పటికి ట్యూబు కోసేసి ఉంటుంది.

మరి సోమవారం మీటింగ్? మాటలు ముందే బయటికొస్తాయి, అది నిజమైన లాభం. మేస్త్రీ చెప్తాడు, మినిట్స్‌లో ‘డిజైన్ వారు పరిశీలించాలి’ అని రాస్తారు. బుధవారం డెలివరీ తొందరలో పాత రివిజన్ డ్రాయింగే రిలీజ్ అవుతుంది, గురువారం పర్చేజ్ ఆర్డర్ వెళ్లిపోతుంది. మీటింగ్ నడిపే కోఆర్డినేటర్‌కి ఫోన్లు చేసే పనే తప్ప ఆపే అధికారం లేదు. నా లెక్కలో తేల్చేది ఇదే: ఎన్నిసార్లు కూర్చున్నారన్నది కాదు, డబ్బు దిగేముందు డ్రాయింగ్‌ని ఆపగల సంతకం ఎవరిది?

కోర్ టీం అంటే పెద్ద హంగామా అక్కర్లేదు. డిజైన్, పర్చేజ్, క్వాలిటీ నుంచి ఒక్కొక్కరు, ప్రొడక్షన్ నుంచి మేనేజర్ బదులు మేస్త్రీ, సైటుకెళ్లి బిగించే సర్వీస్ మనిషి, పైన ఒక లీడర్. లీడర్ సంతకాలు మూడు చోట్ల: ట్యూబు ఆర్డరుకి ముందు, వెల్డింగ్ జిగ్ (ముక్కల్ని సరిగ్గా పట్టి ఉంచే చట్రం) కట్టేముందు, గాల్వనైజింగ్ నుంచి వచ్చిన మొదటి ఫ్రేము బిగించి చూశాక. ఆ మొదటి ఫ్రేము తిరిగొచ్చేదాకా రెండోది కోయకూడదు. ఎవరూ సెక్షన్ మారక్కర్లేదు. టొయోటాలో కారు మోడల్‌ని చూసే చీఫ్ ఇంజనీర్ కింద కూడా మిగతా ఇంజనీర్లు నేరుగా ఉండరు, ఎవరి డిపార్టుమెంటులో వాళ్లే. కారు ఎలా ఉండాలో మాత్రం అతనే చెప్తాడు.

ఇదీ చెడిపోతుంది, ఎక్కువగా ఒకే కారణంతో. పర్చేజ్ మనిషికి ఇంక్రిమెంట్ తక్కువ రేటుకి కొన్నందుకూ, ప్రొడక్షన్‌కి నెలకి వెళ్లిన టన్నులకీ ఇస్తూ, టీంలో కూర్చోబెట్టి కలిసి పనిచేయమంటే ఎవరూ చేయరు. ఆ ప్రొడక్టు వరకైనా రీవర్క్ ఖర్చు అందరి లెక్కలోనూ పడాలి. లీడర్‌కి వాళ్ల అప్రైజల్‌లో చిన్న మాటైనా ఉండాలి.

కొన్ని రంగాల్లో ఎంచుకునే వీలే లేదు. వైద్య పరికరాలు తయారుచేసే మెడ్‌టెక్ జోన్‌లో, ఆ పరికరాల క్వాలిటీ ప్రమాణం ఐఎస్‌ఓ 13485 మీద నడిచే యూనిట్‌లో డిజైన్ రివ్యూకి సంబంధిత విభాగాల వాళ్లు కూర్చోవాల్సిందే. వాహనాల విడిభాగాలకి ఉన్న క్వాలిటీ ప్రమాణం ఐఏటీఎఫ్ 16949 కూడా ఆ మాటే అంటుంది. ఆడిట్ ముందురోజు వెనకటి తేదీలతో చేయించే సంతకాలు మాత్రం ఏ ఫ్రేమునీ కాపాడవు.

అందర్నీ పూర్తిగా విడదీసి వేరే గదిలో పెట్టడం పెద్ద కంపెనీల సంగతి. ఎనభై మంది ఉన్న యూనిట్‌లో ఆ ఆరుగురిని తీస్తే రోజువారీ పని ఆగుతుంది. బయటి కన్సల్టెంట్ చెక్‌లిస్ట్ రాసిపెట్టడానికి పనికొస్తాడు, అంతే.

లీడర్‌గా యజమాని వద్దు, ఆయన ముందు మేస్త్రీ నోరు విప్పడు. డిజైన్ హెడ్ కూడా వద్దు, తన డ్రాయింగ్‌ని తానే ఆపడం కష్టం. షాప్ ఫ్లోర్ మీద పనిచేసి, డ్రాయింగ్ చదవడం వచ్చిన సీనియర్ అయితే మేలు. మూడు బ్యాచులు వరసగా రీవర్క్ లేకుండా వెళ్లాక టీం ఎత్తేయొచ్చు. గ్యారంటీ గడువు ముగిసేదాకా కంప్లెయింట్లు మాత్రం ఆ లీడర్ దగ్గరికే రావాలి.