సీజర్‌ని పొడిచిన చోటికి టికెట్ 5 యూరోలే

రోమ్‌లో జూలియస్ సీజర్ పేరు చెప్పి అమ్మే గైడెడ్ టూర్ ఒకటి ఆన్‌లైన్‌లో బుక్ చేసి మనిషికి 59 చొప్పున ముగ్గురికి 177 యూరోలు తగలేశాం. ఫోరం, పాలటైన్ కొండ, కొలోసియం మూడింటికీ కలిపి ఇచ్చే మామూలు టికెట్ 18. మిగతా 41 గైడ్ మాటలకి.

ఆ మాటలు వినండి. ఫోరం అనే పాత రోమ్ శిథిలాల్లో, కూరియా జూలియా అనే ఎత్తైన ఇటుకల సెనేట్ భవనం ముందు అందర్నీ నిలబెట్టి, "సీజర్‌ని పొడిచి చంపింది ఇక్కడే" అందావిడ. అందరూ ఫోన్లు తీశారు. మా బావమరిది గ్రూప్స్ కోసం చరిత్ర నమిలినవాడు, ఊరుకోడు. ఆ రోజు సెనేట్ (పెద్దల సభ) కూర్చున్నది పాంపే అనే సేనాని కట్టించిన హాల్లో కదా అని అడిగాడు. "కథలు చాలా ఉన్నాయి" అని నవ్వేసి, గొడుగు పైకెత్తి ముందుకెళ్లిపోయింది. "ఎండలో గొడవెందుకురా" అని మా ఆవిడ తమ్ముణ్ణి లాగింది. నాకు మాత్రం ఒళ్లు మండింది. సీజర్‌ని చంపిన క్రీ.పూ. 44 మార్చి 15 నాటికి ఆ కూరియా పూర్తి కానే లేదు! మొదలుపెట్టించింది సీజర్, క్రీ.పూ. 29లో పూర్తి చేసింది అతని దత్తపుత్రుడు అగస్టస్. ఇప్పుడున్న గోడలైతే ఇంకో మూడు వందల ఏళ్లకి డయోక్లీషియన్ చక్రవర్తి కాలంలో లేచినవి.

పైగా, సీజర్ శవాన్ని దహనం చేసిన చోటు అక్కడికి నాలుగడుగుల దూరంలో ఉంటే ఆగకుండా దాటించేసింది. రేకు కప్పు కింద ఓ మట్టిదిబ్బలా ఉంటుంది. చూడ్డానికి ఏమీ ఉండదు గానీ, జనం ఇప్పటికీ పూలు పెడుతున్నారు. రెండు గంటలన్న టూర్ గంటా పది నిమిషాల్లో ముగిసింది. కంపెనీకి మెయిల్ పెడితే, తర్వాతి టూర్‌కి పది శాతం తగ్గిస్తాం అన్నారు.

సీజర్‌ని పొడిచిన అసలు చోటు రోమ్‌లోనే ఉన్న లార్గో అర్జెంటీనా. బస్సులు తిరిగే రోడ్డు మధ్యలో, కింద గోతిలో నాలుగు గుళ్ల శిథిలాలు. 2023 జూన్ నుంచి కిందికి దిగి నడవనిస్తున్నారు, మాకు మనిషికి 5 యూరోలు పడింది. గుండ్రటి గుడి వెనక కనబడే రాతి పునాదే పాంపే హాలుది. పాంపే ఒకప్పుడు సీజర్‌కి అల్లుడు. కూతురు జూలియా పోయాక మామా అల్లుళ్లు శత్రువులయ్యారు. చివరికి అల్లుడు కట్టించిన హాల్లో, ఆ అల్లుడి విగ్రహం దగ్గరే మామ 23 కత్తిపోట్లు తిని పడిపోయాడు. మా బావమరిది ఆ రాళ్ల దగ్గర నుంచి కదల్లేదు. మా ఆవిడకి మాత్రం అక్కడి పిల్లులు నచ్చాయి, బోలెడున్నాయి.

రోమ్‌లో బస గురించి చెప్పుకోడానికేం లేదు. గది శుభ్రం, లిఫ్ట్ లేదు.

తర్వాత రైలెక్కి తూర్పు తీరంలోని రిమిని. అక్కడి నుంచి లోకల్ రైల్లో సవిన్యానో సుల్ రూబికోనే అనే చిన్న ఊరు. గాల్‌లో (ఇప్పటి ఫ్రాన్స్ వైపు) ఎనిమిదేళ్లు యుద్ధాలు చేసిన సీజర్‌ని సైన్యం వదిలేసి రమ్మంది సెనేట్. వదిలేసి వెళ్తే శత్రువులు కేసులు పెట్టి కోర్టుకీడుస్తారు. క్రీ.పూ. 49 జనవరిలో 13వ లీజియన్ అనే సైనిక దళంతో, సైన్యంతో దాటకూడని సరిహద్దు ఏరు రూబికాన్ దాటేశాడు, అంతర్యుద్ధం మొదలైంది. అంత చరిత్ర ఉన్న ఏరు చూస్తే మన పంటకాలవంత కూడా లేదు. "దీనికోసమా రైలు మారాం?" అంది మా ఆవిడ. అది అసలు రూబికానా కాదా అని పండితుల్లో తగువుంది. ఫ్యుమిచీనో అనే ఈ ఏటికి 1933లో నియంత ముస్సోలినీ హయాంలో ఆ పేరు ఖాయం చేశారు. అయినా నాకు నచ్చింది. రోమన్ల నాటి మూడు కమానుల వంతెన (1944లో జర్మన్లు పేల్చేస్తే మళ్లీ కట్టారు) మీద నిలబడటానికి టికెట్ లేదు, గైడ్ లేడు.

రిమినిలో తిన్న పియాదీనా గురించి చెప్పాలి. పెనం మీద అప్పటికప్పుడు కాల్చిన పల్చటి రొట్టెలో మెత్తటి స్క్వాక్వెరోనె చీజ్, అరుగులా ఆకు పెట్టి మడిచిస్తారు. ఒక్కోటి 6.50. మాంసం తినని మా ఆవిడ రోమ్‌లో పిజ్జాతో విసిగిపోయి ఉందేమో, రెండు లాగించింది. మూడ్ మారిపోయింది. సీజర్ సైనికులతో మాట్లాడాడని చెప్పుకునే త్రే మార్తిరి కూడలికి తనే ముందు నడిచింది.

వెళ్లేవాళ్లు సవిన్యానోలో గది తీసుకోవద్దు, సాయంత్రానికి చేసేదేం ఉండదు. రిమినిలో స్టేషన్ దగ్గర మాకు ముగ్గురికి గది, టిఫిన్‌తో కలిపి 84 యూరోలైంది. ఆగస్టులో బీచ్ జనం పడతారు కాబట్టి ఆ నెల తప్పించండి.