జనపనార మిల్లులో వైర్‌లెస్ ప్లానింగ్ సేవ: వాడిన అనుభవం

విజయనగరం జిల్లాలోని మా జనపనార మిల్లులో మోటార్ల వేడిని, గోదాముల తేమను సెన్సర్లతో సేకరించడానికి మొదట వచ్చినవారు కాగితం మీదే గేట్‌వేల (సెన్సర్ల కొలతలను వైర్‌లెస్‌గా అందుకునే పరికరాల) చోట్లు గుర్తించి వెళ్లారు. తేమ పట్టిన నార బేళ్లు కప్పు దాకా పేర్చగానే సగం సెన్సర్ల కొలతలు రావడం ఆగిపోయింది.

తరువాత పిలిచిన బృందం యంత్రాలు నడుస్తుండగా, గోదాము నిండుగా ఉన్న రోజునే మీటరుతో మూలమూలా తిరిగి సిగ్నల్ కొలిచి, ఒక దారి మూసుకుపోయినా కొలతలు మరో సెన్సరు మీదుగా చేరడానికి ప్రతి సెన్సరుకూ కనీసం మూడు పొరుగు సెన్సర్లు అందేలా చోట్లు మార్చింది. తేమ ఈ సెన్సర్లు వాడే 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాలను బలహీనపరుస్తుంది, ఇనుప రేకులు వాటిని తిప్పికొడతాయి. అందుకే దూరపు గోదాముకు, తేమలో అంతగా బలహీనపడని, లైసెన్సు అక్కరలేని 865 మెగాహెర్ట్జ్ బ్యాండును సూచించారు. నార ధూళి చొరబడని పెట్టెలు ఎంచడం నాకు ఎంతో నచ్చింది. నివేదికను ఇంగ్లీషులోనే ఇవ్వడం లోపం. ఫిట్టర్లకు నేనే చదివి వివరించవలసి వచ్చింది.