తేజ ఏదో, 334 ఏదో: వరుసగా చూస్తే వస్తుందా, కలిపి చూస్తేనా?

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో మా మేనల్లుడు కొత్తగా చేరాడు. మొదటి వారమంతా వాడికి మిర్చి రకాలతో ఒకటే టెన్షన్: తేజ, 334, 341, బాడిగ. "అన్నీ ఎర్రగానే ఉన్నాయి మావయ్యా!" అని ఫోన్లో గోల.

డిగ్రీ చదివినవాడు కదా, ముందు నోట్‌బుక్ తీశాడు. తేజ సన్నం, ఘాటు. బాడిగ ముడతలు, రంగెక్కువ, కారం తక్కువ. తాలు (రంగు పోయిన నాసి కాయ) దగ్గర ఈ రాతకోతలు బ్రహ్మాండంగా పనిచేశాయి. ఎరుపు పోయి తెల్లబడితే తాలు, అంతే. ఒక్క గుర్తుతో తేలిపోయే చోట సూత్రమే మేలు. కానీ తేజకీ 334కీ మధ్య? "సన్నం" అంటే ఎంత సన్నం? పక్కన రెండో కాయ లేకపోతే ఆ మాటకు అర్థమే లేదు.

ఇక కాయలు చూసి నేర్చుకోవాల్సిందే. పొద్దున్నంతా తేజ టిక్కీలే (మిర్చి బస్తాలే) చూసి, మధ్యాహ్నం 334కి వెళ్లడం ఒక దారి. గుమాస్తాది వేరే దారి. గోతం మీద నాలుగు రకాలూ గుప్పెడేసి కలిపి పోస్తాడు. ఒక్కో కాయ చేతికిచ్చి "ఇదేంట్రా?" అంటాడు. తప్పు చెబితే వెంటనే అసలు కాయ తీసి పక్కన పెడతాడు. వివరణలేం ఉండవు.

నా ఓటు గుమాస్తాకే. 2008లో కోర్నెల్, బ్యోర్క్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్నే బొమ్మలతో పరీక్షించారు. 12 మంది చిత్రకారులు, ఒక్కొక్కరివి 6 ప్రకృతి దృశ్యాలు. సగం మంది చిత్రకారులవి ఒకరివయ్యాక ఒకరివి వరుసగా, మిగతా సగం మందివి కలగలిపి చూపించారు. తర్వాత కొత్త బొమ్మ పెట్టి ఎవరిదని అడిగితే, కలగలిపి చూపించిన చిత్రకారులవే బాగా గుర్తుపట్టారు. తమాషా ఏంటంటే, పరీక్ష అయ్యాక కూడా ఎక్కువమంది "వరుసగా చూసినవే బాగా వచ్చాయి" అన్నారు. వరుసగా చూస్తుంటే వచ్చేసినట్టే ఉంటుంది మరి!

ఒక మెలిక ఉంది. 2014లో కార్వాల్యో, గోల్డ్‌స్టోన్ చేసిన ప్రయోగాల్లో, పోలికలు బాగా దగ్గరగా ఉన్న రకాలకు కలపడం పనికొచ్చింది. పోలిక తక్కువున్న వాటికి వరుసే నయమనిపించింది. మా ఇంట్లో మూడేళ్ల పాపకి వంకాయ నేర్పాలంటే గుండ్రటిది, పొడుగుది, తెల్లది, ఊదాది అన్నీ ఒకేచోట పెట్టాలి. మధ్యలో దోసకాయ దూరిస్తే గందరగోళమే.

మిర్చి రకాలు ఒకదానికొకటి దగ్గరగానే ఉంటాయి కాబట్టి ఆ బాధ లేదు. మేనల్లుడు ఇప్పుడు బాడిగని దూరం నుంచే చెప్పేస్తున్నాడు. 341, 334 దగ్గర మాత్రం ఇంకా తడబాటే. గుమాస్తా రోజూ ఆ రెండే కలిపి పోస్తున్నాడట.